బజర్ మోగితే వేలెత్తాలి

ఆ లాండ్రీలో ఇస్త్రీ రోలర్ దగ్గర పన్నెండేళ్లుగా నిలబడే మనిషిని అందరూ ఆవిరమ్మ అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడదు. పొద్దున ఎనిమిదింటికి ఆ పొడుగాటి హాల్లో అడుగుపెట్టిందంటే సాయంత్రం దాకా ఆమె ఉండేది తెల్లటి ఆవిరిలోనే. దూరంగా ఉన్నవాళ్లకి కాసేపు తల కనిపిస్తుంది, కాసేపు చేతులు కనిపిస్తాయి, మనిషి మొత్తంగా కనిపించడం అరుదు. ఆమెకి మాత్రం అదే సుఖం. తడి దుప్పటి ఒక పక్క రోలర్‌లోకి దూరి, రెండో పక్క వెచ్చగా నున్నగా జారి వస్తుంటే చూస్తూ చూస్తూ ఎక్కడెక్కడికో వెళ్లిపోతుంది. ఇంట్లోనూ అంతే. పొయ్యి ముందు నిలబడి కళ్లు సగం మూసుకుని తేలిపోతుంటుంది. "ఇక దిగిరావమ్మా, గిన్నె మాడుతోంది" అని భర్త కేకేస్తే తప్ప నేల మీదికి రాదు.

ఆ భర్త కూడా లాండ్రీ మనిషే. ఆస్పత్రుల నుంచి, హోటళ్ల నుంచి మురికి బట్టల మూటలు వ్యానులో తెస్తాడు, ఉతికినవి తీసుకెళ్తాడు. ఆయన వ్యానులో ఉంటాడు కాబట్టి నోటితో మాట్లాడతాడు. హాల్లో ఉన్నవాళ్లకి ఆ భాగ్యం లేదు. గది అంత ఉండే ఉతుకుడు డ్రమ్ములు ఆరు ఒక్కసారిగా తిరుగుతుంటే, పక్కన నిలబడి చెవిలో అరిచినా పెదాలు కదలడమే కనిపిస్తుంది. అందుకని అక్కడ మాటలన్నీ చేతులతోనే. ఎవరూ కూర్చుని నేర్పింది కాదు, అలా అలవాటైపోయింది. రెండు వేళ్లతో గాల్లో లాగితే దుప్పటి. చెంప కింద అరచెయ్యి పెడితే దిండు గలీబు. గడ్డం దువ్వితే సూపర్‌వైజర్ వస్తున్నాడని. ఆయన గడ్డం తీసేసి నాలుగేళ్లయింది కానీ ఆ సైగ మారలేదు. పాపం, తను రాగానే హాల్లో అందరూ చుబుకాలు నిమురుకుంటారెందుకో ఆ పెద్దమనిషికి ఇప్పటికీ తెలియదు.

వాటిలో రెండు సైగలు మాత్రం సరదాకి పుట్టినవి కావు. డ్రమ్ము పని అయిపోగానే రోలర్ వెనక గోడ మీద బజర్ మోగుతుంది. ఆ రొదలో అది వినిపించేది ఆవిరమ్మ ఒక్కదానికే. వినగానే ఆమె కుడి చూపుడువేలు ఎత్తుతుంది, చూసినవాళ్లు ఎత్తుతారు, వాళ్లని చూసి ఇంకొకళ్లు. రెండు క్షణాల్లో హాలు ఆ చివరి దాకా వేళ్లు లేస్తాయి, డ్రమ్ము దగ్గరవాడు తలుపు తీస్తాడు. ఇక రెండోది. ఎవరి చెయ్యయినా రోలర్‌లో ఇరుక్కుంటే, చూసినవాళ్లు ఒక చేత్తో తమ రెండో మణికట్టు పట్టుకుని తలపైకి ఎత్తాలి. అప్పుడు ఎవరికి ఎర్ర మీట దగ్గరైతే వాళ్లు కొడతారు, హాలంతా ఆగుతుంది. ఆగాక పక్కనున్న మనిషి ఆ ఇరుక్కున్న మనిషి వేళ్లు పదీ ఒక్కొక్కటే ముట్టుకుని లెక్కపెట్టాలి. లెక్క పూర్తయ్యేదాకా ఎవరూ కదలకూడదు. నిజంగా అవసరమైంది ఇన్నేళ్లలో రెండే సార్లు. అయినా నెలకోసారి అందరిచేతా చేయిస్తారు.

ఆ హాల్లోనే పెరిగింది ఆమె కూతురు. ఇంట్లో చూసుకునే దిక్కు లేక, ఆవిరమ్మ నాలుగు నెలల పసికందుని తువ్వాళ్లలో చుట్టి తోపుడు బుట్టలో పడుకోబెట్టింది. వచ్చినవాళ్లు బట్టల మూట అనుకుని ఎత్తబోయి కెవ్వుమన్నారు. అప్పటి నుంచి పిల్ల పేరు మూట అయింది. రోలర్‌కి దూరంగా, మడతల బల్ల కింద మూట బోర్లాపడింది, పాకింది, నిలబడింది. ఆ బల్ల దగ్గర పనిచేసే మడతల అత్త కాలికి అడ్డం పడుతున్నా కసరకుండా కంటికి రెప్పలా చూసుకుంది. మధ్యాహ్నం పై కిటికీల్లోంచి ఎండ పడి ఆవిరి బంగారం రంగు తేలితే, పిల్ల రెండు చేతులూ చాచి దాన్ని పట్టుకోబోయేది. దొరక్కపోతే నవ్వేది. ఆ నవ్వు కోసం హాల్లో సగం మంది పని ఆపి చూసేవాళ్లు.

మూడేళ్లు నిండాయి, పిల్ల ఒక్క మాటా పలకలేదు. ఆవిరమ్మ కంగారు పడలేదు. ఆమె లెక్క ఆమెకుంది. మాటలన్నీ లోపల ఎక్కడో నానుతున్నాయని, ఒకరోజు ఒకదాని వెంట ఒకటి తళతళలాడుతూ వచ్చేస్తాయని ఆమె కల. రోలర్ ముందు నిలబడి ఆ కలే కనేది. మొదటి మాట 'అమ్మ' అవుతుందా, 'ఆవిరి' అవుతుందా అని తనలో తనే పందెం వేసుకునేది. పిల్లకి అర్థం కానిదేమైనా ఉంటే కదా భయపడాలి? గలీబు తెమ్మంటే గలీబు తెస్తుంది. నాన్న వచ్చాడంటే తలుపు దగ్గరికి పరిగెడుతుంది. ఇంతకంటే ఏం కావాలి?

మూడున్నరేళ్లకి మూటని పిల్లల బడిలో వేశారు. పట్టుమని పదిహేను రోజులు కాలేదు, టీచరమ్మ పిలిపించింది.

"పిలిస్తే తిరిగి చూడటం లేదండీ. ఒకసారి డాక్టరుకి చూపించండి."

ఆవిరమ్మకి ఒళ్లు మండింది. "మా హాల్లో ముప్ఫై మంది ఉన్నారు, అందరి మాటా వింటుంది. మీ దగ్గరే వినట్లేదంటే మీరు ఎలా పిలుస్తున్నారో చూసుకోండి" అని దులిపేసి, పిల్లని చంకనేసుకుని వచ్చేసింది. వీధి మలుపు తిరిగేదాకా ఆ కోపం నిలబడింది. మలుపు తిరగ్గానే నడక ఆగిపోయింది. మూడేళ్లు! ఆరు డ్రమ్ముల రొదలో మూడేళ్లు పడుకోబెట్టింది పిల్లని. పెద్దవాళ్లకే సాయంత్రానికి చెవులు గింగురుమంటాయి. ఆ లేత చెవులకి ఏమన్నా అయితే, అది ఇంకెవరో చేసింది కాదు, తను చేసింది. ఆ మాట భర్తకి చెప్పలేదు, మడతల అత్తకీ చెప్పలేదు.

మర్నాడే వెళ్లి ఆస్పత్రిలో పిల్ల పేరు రాయించింది. పరీక్షల రోజు రానే వచ్చింది. ముందు ఒక కాగితం ఇచ్చి నింపమన్నారు. పుట్టినప్పుడు బరువెంత, ఎన్నో నెలలో కూర్చుంది, ఎన్నో నెలలో నడిచింది. అన్నీ చకచకా రాసింది. 'ఎన్ని మాటలు వచ్చు' అన్నచోట పెన్ను ఆగింది. అది ఖాళీగా వదిలేసి, పక్కన చిన్నగా 'అన్నీ అర్థమవుతాయి' అని రాసింది. డాక్టరు పిల్ల కళ్లలోకి, చెవుల్లోకి దీపం వేసి చూశాడు, చెక్క ముక్కలు పేర్చమన్నాడు, మూట గోపురంలా పేర్చి చప్పట్లు కొట్టింది. ఆఖరున వినికిడి పరీక్ష.

ఆ గది గోడలకి మెత్తటి దిళ్లు అతికించినట్టుంది. తలుపు మూయగానే ప్రపంచం మొత్తం బయట ఉండిపోయింది. ఆవిరమ్మ అంత నిశ్శబ్దం ఎప్పుడూ ఎరగదు. అందులో కూర్చుంటే తన ఊపిరి తనకే పరాయి మనిషిదిలా వినిపించింది. అద్దం అవతల పరీక్ష చేసే ఆవిడ మీటల ముందు కూర్చుంది. చెవులకి పెట్టిన హెడ్‌ఫోన్లు మూట రెండుసార్లు పీకి పారేసింది కాబట్టి, అటూ ఇటూ ఉన్న స్పీకర్లలోంచే శబ్దాలు వస్తాయంది. పిల్ల తల్లి ఒళ్లో కూర్చుంటుంది, ముందు బల్ల మీద రంగు బిళ్లలు, ఒక బుట్ట. శబ్దం వినిపించినప్పుడల్లా ఒక బిళ్ల బుట్టలో వెయ్యాలి. ఎలా వెయ్యాలో ఆవిరమ్మే ఒకటి వేసి చూపించింది.

కీచుమని సన్నగా ఒక శబ్దం. మూట బిళ్ల వేసింది. గుయ్యిమని ఇంకొకటి. వేసింది. దోమ రొదకంటే చిన్నది ఒకటి వచ్చింది, దానికీ వేసింది. ఆవిరమ్మ గుండె పక్షిలా ఎగిరింది.

"కాస్త ఆలస్యంగా వేస్తోంది కానీ వేస్తోందమ్మా" అంటూ ఆవిడ నవ్వుతూ బయటికి వచ్చింది. "వినికిడి బాగానే ఉన్నట్టుంది. మాటల సంగతి మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దాం." కాగితం మీద సంతకం పెట్టి చేతికిచ్చింది.

వరండాలో భర్త ఆ కాగితాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. నవ్వాడు, ఆ వెంటనే అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. ఇంత మంచి కబురుకి ఏడుపెందుకో ఆమెకి అర్థం కాలేదు. అడిగే తీరికా లేదు, అప్పటికే ఆమె మళ్లీ తేలిపోతోంది. మర్నాడు హాల్లో కాగితం చేతులు మారింది. మడతల అత్త నోటితోనే అరిచింది. "నే చెప్పలా? దానికేంటే, బంగారం!" ఎవరికీ వినపడకపోయినా అందరికీ తెలిసింది. ఆ రోజు రోలర్‌లోంచి వచ్చిన ప్రతి దుప్పటి మీదా ఆవిరమ్మకి కూతురి మాటలే కనిపించాయి.

శనివారం బడి లేదు. మూట మడతల బల్ల ఎక్కి కూర్చుంది. ముందు ఒక పెట్టె నిండా బట్టల క్లిప్పులు, పక్కన ఖాళీ బుట్ట. బజర్ మోగింది, ఆవిరమ్మ వేలు లేచింది, హాలంతా వేళ్లు లేచాయి. టప్పున మూట ఒక క్లిప్పు బుట్టలో వేసింది. పరీక్ష గదిలో నేర్చిన ఆట! ఆవిరమ్మ మురిసిపోయింది. రెండోసారి మోగింది, వేలు లేచింది, క్లిప్పు పడింది.

మూడోసారి మోగేసరికి ఒక పెద్ద దుప్పటి రోలర్ మీద వంకరపోయింది. ఆవిరమ్మ రెండు చేతులూ దాని కిందే ఉన్నాయి. బజర్ మోగుతూనే ఉంది, హాల్లో ఒక్క వేలూ లేవలేదు. మెడ తిప్పి చూసింది. మూట చేతిలో క్లిప్పు పట్టుకుని, బుట్ట మీద ఆపి, ఓపిగ్గా తల్లినే చూస్తోంది. బజర్ మోగి మోగి ఆగింది. క్లిప్పు చేతిలోనే ఉంది.

ఆవిరమ్మ దుప్పటి వదిలేసింది. బజర్ లేదు, ఏమీ లేదు, ఊరికే వేలెత్తింది. క్లిప్పు బుట్టలో పడింది. ఆమె వెనక ముప్ఫై వేళ్లు లేచాయి, డ్రమ్ము దగ్గరవాడు పరిగెత్తి వెళ్లి, ఎప్పుడో ఆగిపోయిన డ్రమ్ముని చూసి నెత్తి కొట్టుకున్నాడు.

ఆ దిళ్ల గదిలో తన చేతులు ఎక్కడున్నాయి? పిల్ల మోకాళ్ల మీద, బల్ల కింద, అద్దం అవతలి ఆవిడకి కనపడనిచోట. అక్కడ ఎన్నిసార్లు శబ్దం వచ్చిందో అన్నిసార్లు, పన్నెండేళ్ల అలవాటు చొప్పున, తన వేలు లేచింది. కాస్త ఆలస్యంగా వేస్తోంది అంది ఆవిడ. ఎందుకు ఆలస్యం కాదు? ముందు తను వినాలి, వేలెత్తాలి, ఆ తర్వాత కదా పిల్ల వెయ్యాలి! ఆ హాల్లో విన్నదీ తనే, ఆ గదిలో విన్నదీ తనే. గలీబు తెమ్మన్న ప్రతిసారీ చెంప కిందికి వెళ్లిన చెయ్యి గుర్తొచ్చింది. నాన్న వచ్చాడని చెబుతూ స్టీరింగ్ తిప్పినట్టు తిప్పిన చేతులు గుర్తొచ్చాయి. ఇంట్లో కూడా ఆమె నోరూ చేతులూ కలిసే మాట్లాడతాయి. అది ఆమెకి ఆ రోజు దాకా తెలియదు.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మనలో మాట, ఆమెని తప్పుపట్టడానికి నాకు నోరు రావడం లేదు. చేతిలో సంతకం పెట్టిన కాగితం ఉంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కాగితం ప్రకారం పిల్ల చెవులకి ఏమీ కాలేదు, అంటే తనూ ఏ పాపం చెయ్యలేదు. దాన్ని చేతులారా చించుకోవడం ఎవరి తరం? ఆ రెండు రోజులూ ఆవిరి తెల్లగా లేచింది కానీ ఆమె తేలలేకపోయింది. అన్నీ ఉన్నవి ఉన్నట్టు కనిపించాయి. దుప్పటి దుప్పటిలా, గోడ గోడలా.

మూడో రోజు మధ్యాహ్నం వ్యానులో మూటలు సర్దుతున్న భర్త దగ్గరికి వెళ్లింది.

"ఏమండీ, ఆ పరీక్ష తప్పు. వేసింది పిల్ల కాదు, నా వేలు."

ఆయన సర్దుతున్న బట్టల మూట మీదే కూలబడ్డాడు.

"నాకు ముందే అనుమానం ఉంది" అన్నాడు. "ఆర్నెల్ల కింద పిల్ల వ్యానులో పక్కన పడుకుంది. అడ్డంగా లారీ వస్తే హారన్ గట్టిగా కొట్టా. కదల్లేదు. మొద్దు నిద్ర అనుకున్నా. తర్వాత ఖాళీ రోడ్డు మీద, కావాలని, మళ్లీ కొట్టా."

"మరి నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?"

"నువ్వు పైన ఎక్కడో ఉన్నావు. నిన్ను దింపబుద్ధి కాలేదు."

ఆమెకి కోపం రాలేదు. వరండాలో ఆయన ఎందుకు ఏడ్చాడో అప్పుడు తెలిసింది. ఆయన పక్కనే బట్టల మూట మీద కూర్చుంది. ఇన్నాళ్లుగా ఎవరికీ చెప్పనిది బయటికి వచ్చింది. "నేనే దాన్ని ఆ రొదలో పడేశాను."

ఆయన ఆమె చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నాడు. వ్యాను తలుపులోంచి కనిపించే కాస్త ఆకాశంలో లాండ్రీ గొట్టం ఆవిరిని వదులుతూనే ఉంది.

రెండోసారి వెళ్లినప్పుడు పరీక్ష చేసే ఆవిడ ఆశ్చర్యపోయింది. "బాగా వచ్చిన పరీక్షని మళ్లీ చెయ్యమని అడిగింది ఇన్నేళ్లలో మీరొక్కరేనమ్మా" అంది. బజర్ సంగతి, వేలి సంగతి అంతా విని, తనే నొచ్చుకుంది. "బల్ల కింద నేను చూసుకోవాల్సింది. ఈసారి పాప విడిగా కూర్చుంటుంది. మీరు ఎదురుగా కూర్చుని చేతులు కదపకండి, చాలు."

"అవి నా మాట వినవు. కట్టేయండి."

ఆవిడ నవ్వబోయి, ఆవిరమ్మ మొహం చూసి ఆగిపోయింది. బీరువాలోంచి ఒక తెల్ల తువ్వాలు తీసి రెండు చేతుల చుట్టూ తిప్పి ముడేసింది. తువ్వాలు అంచున నీలం దారంతో చిన్న గుర్తు ఉంది. తమ లాండ్రీదే. బహుశా తన చేతుల మీదుగా వచ్చిందే.

తలుపు మూసుకుంది. మళ్లీ ఆ నిశ్శబ్దం. చిన్న కుర్చీలో మూట, చేతిలో ఎర్ర బిళ్ల, ఆటకి సిద్ధం. సన్నటి శబ్దం వచ్చింది. తువ్వాలు లోపల ఆవిరమ్మ వేలు గింజుకుంది. మూట చూస్తోంది. ఇంకాస్త పెద్దది. మూట తువ్వాలునే చూస్తోంది. ఇంకా పెద్దది, ఇంకా పెద్దది. ఆవిరమ్మ పళ్లు బిగించింది. ఆఖరుకి శబ్దం ఎంతయిందంటే బల్ల మీది బిళ్లలు అదిరాయి, ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మూట రెప్ప వెయ్యలేదు. పలుకుతాయనుకున్న మాటలు, పందెం కాసుకున్న మొదటి మాట, అన్నీ ఆ గదిలో ఆమె కళ్ల ముందే ఒక్కొక్కటిగా వెళ్లిపోయాయి. ఆమె ఏడుస్తోంది, చేతులు కట్టేసి ఉన్నాయి కాబట్టి తుడుచుకోలేకపోతోంది.

అప్పుడు మూట బిళ్ల బల్ల మీద పెట్టేసింది. తువ్వాలు వంక, తల్లి కన్నీళ్ల వంక మార్చి మార్చి చూసింది. కుర్చీ మీద లేచి నిలబడి, కుడి చేత్తో తన ఎడమ మణికట్టు గట్టిగా పట్టుకుని, తలపైకి ఎత్తింది. అద్దం వైపు తిరిగి ఇంకా పైకి ఎత్తింది, మునివేళ్ల మీద లేచి మరీ.

అద్దం అవతలి నుంచి ఆవిడ గొంతు వచ్చింది. "ఏమంటోందమ్మా పాప?"

ఆవిరమ్మ తువ్వాలు చుట్టిన తన చేతుల వంక చూసుకుంది.

"నా చెయ్యి ఇరుక్కుందట" అంది. "మిషన్ ఆపమంటోంది."

శబ్దం ఆగిపోయింది. ఆవిడ గబగబా లోపలికి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని తువ్వాలు ముడి విప్పసాగింది. ఆమె తల వంగి ఉండగానే ఆవిరమ్మ అడగాల్సింది అడిగేసింది. "మా హాలు రొద వల్లేనా?"

"కాదమ్మా. రొద వల్ల పోయేది ఇలా ఉండదు. ఇది పుట్టినప్పటి నుంచే ఉండి ఉంటుంది. ఇంకా పరీక్షలున్నాయి, చెయ్యాల్సింది చాలా ఉంది. కానీ ఇది మీ వల్ల కాదు." ముడి ఊడింది. ఆవిడ మూట వైపు చూసింది. చెయ్యి ఇంకా దించలేదు పిల్ల. "ఇలాంటి మాటలు పాపకి ఎన్ని వచ్చు? ఆ కాగితంలో ఖాళీగా వదిలేశారు మీరు."

మూట కుర్చీ దిగి బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. తువ్వాలు పక్కకి తోసి, తల్లి కుడిచేతి బొటనవేలు ముట్టుకుంది. తర్వాత చూపుడువేలు. తర్వాత దాని పక్కది.

"చెబుతానండీ, చాలా ఉన్నాయి" అంది ఆవిరమ్మ, చెయ్యి కదపకుండా. "ఒక్క నిమిషం ఆగండి. లెక్క పూర్తయ్యేదాకా ఎవరూ కదలకూడదు."

ఆవిడ పెన్ను పట్టుకుని అలాగే ఆగింది. మూట రెండో చెయ్యి అందుకుంది.